అన్న కోసం కన్న పిల్ల

మా అక్క కూతురికి పేరు లేక కాదు. బడిలో మాస్టార్లు హాజరు పిలిచేటప్పుడు బయటికి వచ్చేది, పెళ్ళి రోజు ఇంకోసారి వచ్చింది, మళ్ళీ లోపలికి పోయింది. అందరికీ అది స్టెప్నీయే. ఆ పేరు పెట్టింది కన్నతండ్రి. మా బావకి ఊరి చివర పెద్ద రోడ్డు పక్కన టైర్ల షాపు ఉండేది. దారిలో చక్రం పోతే వేసుకోవడానికి బండి వెనకాల పడి ఉండే అదనపు చక్రాన్ని వాళ్ళు స్టెప్నీ అంటారు. కూతురికి ఇదేం పేరు బావా అని నేను దెబ్బలాడితే, స్టెప్నీ లేకుండా ఏ బండినీ షాపు దాటనివ్వను మరదలా, నా సంసారాన్ని మాత్రం దాటనిస్తానా అని నవ్వేవాడు. ముద్దుగానే అనేవాడు. ఆ ముద్దు వెనక ఉన్న నిజం మాత్రం అంత ముద్దుగా ఉండదు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను బస్టాండులో విచారణ కిటికీ వెనక కూర్చుని ఉద్యోగం అయిందనిపించుకున్నదాన్ని. ఏ బస్సు ఎప్పుడొస్తుంది, ఎందుకు రాలేదు, వస్తే ఎక్కడ ఆగుతుంది అని జనం అడగడం, నేను చెప్పడం. తెలిస్తే తెలుసు, తెలియకపోతే తెలియదు, ఏదో ఒకటి చెప్పి పంపాలి. అందుకేనేమో, అడిగినదానికి జవాబు చెప్పని మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. స్టెప్నీతో మొదటి నుంచీ నాకున్న పేచీ అదే.

ముందు బాబు పుట్టాడు. కానుపు కష్టమై బిడ్డకి ఊపిరి అందడం ఆలస్యమైంది. ఆ కాస్త ఆలస్యం వాడి తలలోనే ఉండిపోయింది. నడిచేవాడు, నవ్వేవాడు, నాలుగు మాటలు ముద్దముద్దగా అనేవాడు. తనంతట తాను తినడం, బట్టలు వేసుకోవడం, రోడ్డు దాటడం రాలేదు. ఇక రావని పెద్ద డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. గుండె గట్టిది, ఒళ్ళు గట్టిది, అందరిలాగే నిండా బతుకుతాడు అన్నాడు. ఇంకో తల్లయితే ఆ మాటకి సంతోషపడేది. మా అక్కకి ఆ రోజు నుంచే నిద్ర కరువైంది. మనం పోయాక వీణ్ణి ఎవరు చూస్తారు అన్నదొక్కటే దాని ధ్యాస.

ఆ సంగతి మొగుడూ పెళ్ళాం నా ముందే తేల్చుకున్నారు. షాపు వెనక గదిలో, కొత్త టైర్ల వాసన మధ్య, బాబుని ఒళ్ళో పెట్టుకుని అక్క చెప్పింది. ఇంకొకరిని కందాం, ఆడపిల్లయితే మేలు, ఓపిగ్గా చూస్తుంది అంది. బావ తలాడించాడు. షాపుకి సరుకు తెప్పించుకున్నట్టుంది మీ వరస అని నేను ఒంటికాలి మీద లేచాను. అక్క కోప్పడలేదు. ముసలితనంలో తమని చూస్తారనే కదా అందరూ పిల్లల్ని కనేది, నేను నాకోసం కూడా అడగడం లేదు, వీడి కోసం అడుగుతున్నాను, ఇందులో తప్పేముందో చెప్పు అంది. నేను వెతుక్కున్నాను. నోటి నిండా మాటలున్నాయి గానీ జవాబు లేదు. ఏడాది తిరిగేసరికి ఆడపిల్లే పుట్టింది.

దాన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి కథ వింటే జనం వెంటనే తల్లిని ఆడిపోసుకుంటారు. మా అక్క మంచి బట్టలు కుట్టించింది, బడికి పంపింది, జ్వరమొస్తే రాత్రంతా కూర్చుంది. కాకపోతే బడి నుంచి రాగానే సంచీ అక్కడ పడేసి అన్నయ్య దగ్గరికి పోవాలి. ఆడుకోవడానికి పోతే అన్నయ్యని చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. స్నేహితుల ఇంట్లో ఉండిపోవడం అన్నది ఆ ఇంట్లో మాటల్లోకే రాలేదు. చేప పిల్లకి ఈతలా ఆ పిల్లకి ఆ పని వచ్చేసింది. అమ్మ చెబితే చేస్తోందా, ఇష్టమై చేస్తోందా అని అడిగితే దానికీ తెలియదు.

ఒకసారి ఐస్‌క్రీం షాపుకి తీసుకువెళ్ళాను. అప్పటికి పదేళ్ళుంటాయేమో. ఏది కావాలే అన్నాను. ఏదైనా పర్లేదు పిన్నీ అంది. ఏదైనా అంటే ఏది, ఆ గాజు వెనక ఇన్ని రంగులున్నాయి, వేలు పెట్టి చూపించు అన్నాను. అది గాజు కేసి చూస్తూ నిలబడింది. వెనక జనం పేరుకుపోయారు. నీళ్ళు నమలకే తల్లీ అని నేను విసుక్కున్నాను. చివరికి బాబు ఏది తింటే అది ఇమ్మంది. బాబు ఆ రోజు మాతో రాలేదు.

షాపులో చక్రాలు బ్యాలెన్సు చేసే మిషను ఒకటుంది. చక్రాన్ని దానికి బిగించి గిర్రున తిప్పితే ఏ పక్క బరువు తక్కువో చూపిస్తుంది, అక్కడ రిమ్ముకి చిన్న సీసం ముక్క కొడతారు. అది తిరుగుతుంటే బాబు కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాడు. అందుకని వాడి కుర్చీ ఎప్పుడూ దాని పక్కనే. బావ పోయాక షాపు స్టెప్నీ చేతికి వచ్చింది. అప్పటికే దానికి పని అంతా వచ్చు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో బాబు నోట్లో ముద్ద పెడుతూ, బేరానికి వచ్చినవాడికి జవాబు చెబుతూ ఉండేది. ఆ జవాబులు మాత్రం ఠక్కున చెప్పేది. ఈ టైరు ఇంకెంత దూరం పోతుందో చెప్పమంటే చెబుతుంది. మధ్యాహ్నం నువ్వేం తింటావే అంటే ఏదైనా పర్లేదు.

ఒకసారి దానికి జ్వరమొచ్చి, చలి పెడుతోందని ఫ్యాను కూడా కట్టేసి ఇంట్లో పడుకుంది. బాబునీ షాపుకి పంపలేదు. అక్క పళ్ళెం పట్టుకుని ఎంత బతిమాలినా వాడు నోరు తెరవలేదు. రెండో పూట కూడా అంతే. చివరికి బేరం వచ్చిందని కబురొస్తే జ్వరంతోనే పిల్ల లేచి, వాణ్ణి కూడా షాపుకి తీసుకుపోయి, చక్రం పని చూస్తూ తినిపించి వచ్చింది. ఇక అక్క ఆ సంగతి అందరికీ చెప్పుకుంది. చెల్లెలి చెయ్యి తప్ప వాడికి పడదు, అది లేకపోతే వాడు పస్తులుండి పోతాడు అని. మేమందరం నమ్మాం. స్టెప్నీ అందరికంటే ఎక్కువ నమ్మింది.

పెళ్ళి ఆలస్యంగా అయింది. షాపు బోర్డు వెలిసిపోతే కొత్తగా రాయడానికి ఒక పెయింటరు వచ్చాడు. అక్షరాలు ఏ రంగు వేయమంటారు అని అడిగాడు. ఏదైనా పర్లేదు అందిది. మరునాడు చూస్తే ఒక్కో అక్షరం ఒక్కో రంగులో ఉంది. ఏ రంగు నచ్చిందో చెబితే మిగతావన్నీ మార్చేస్తానన్నాడు. అది చెప్పలేదు, అతను మార్చలేదు, మార్చడానికని మాత్రం రోజూ వచ్చేవాడు. అన్నయ్య నాతోనే ఉంటాడు అని ఇది చెబితే, నాకు బావమరిది లేడనే లోటు తీరింది అన్నాడట. పిల్లల మాట అతను ఎత్తలేదు, ఇదీ ఎత్తలేదు. అలా ఏళ్ళు గడిచాయి.

మా అక్క స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఆ మాట బయటికి వచ్చింది. చేతికర్ర పట్టుకుని నాలుగడుగులు వేయడానికే ఆయాసపడేది. చావు భయం దానికి లేదు. బాబు భయమే. ఆ రోజు అందరం భోజనాల దగ్గరున్నాం. అక్క కంచంలో చెయ్యి ఆపి కూతురితో అంది.

"నువ్వొక బిడ్డని కనవే. నాకు నువ్వున్నావు కాబట్టి ధైర్యంగా పోతాను. నీ తర్వాత వాడికెవరున్నారు?"

 స్టెప్నీ నా వైపు తిరిగి, మజ్జిగ కావాలా పిన్నీ అని అడిగింది. అల్లుడు మాత్రం తల దించుకున్నాడు. అతని మొహం చూస్తే నాకు సంగతి తెలిసిపోయింది. ఇతనికీ కావాలి. ఇన్నేళ్ళూ మొహమాటపడి ఊరుకున్నాడు.

తర్వాత అతన్ని వీధి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి అడిగాను. నా దగ్గర ఎవరూ ఎక్కువసేపు దాచలేరు. "ఎందుకని అడిగితే నా దగ్గర కారణం లేదండీ పిన్నిగారూ. ఊరికే కావాలనిపిస్తుంది, అంతే," అన్నాడు. గోళ్ళ చుట్టూ ఎండిన రంగు గీక్కుంటూ అన్నాడు. నాకు అతని మీద జాలేసింది. కారణం లేకుండా ఒకరిని కోరుకోవడం ఆ ఇంట్లో నేను చూసింది అదే మొదటిసారి.

నేను ఊరుకోలేదు. షాపుకి వెళ్ళి స్టెప్నీని పట్టుకున్నాను. మీ అమ్మ ఒకందుకు అడుగుతోంది, మీ ఆయన ఇంకొకందుకు ఆశపడుతున్నాడు, నీకేం కావాలో నువ్వు చెప్పి తీరాలి అన్నాను. అది జాకీ మీద ఎత్తిన కారుకి చక్రం బిగిస్తోంది. ఒక నట్టు, దానికెదురుగా ఉన్న నట్టు, మళ్ళీ ఇంకోటి. పని ఆపకుండానే చెప్పింది.

"నాకు కావాలనిపిస్తోందో, అన్నయ్య కోసం కావాలనిపిస్తోందో నాకే తెలీటం లేదు పిన్నీ. ఆ రెండూ నాలో ఎప్పుడూ విడిగా లేవు. అది తెలీకుండా కంటే అమ్మ చేసిందే నేనూ చేసినట్టు."

తెలిసేదెలాగే అన్నాను. చివరి నట్టు బిగించి నిలబడింది. ముందు అన్నయ్యకి ఒక చోటు చూడాలి, నేను ఉన్నా పోయినా జరిగిపోయే చోటు అంది. అప్పుడు వాడి కోసం ఎవరూ పుట్టక్కర్లేదు. అప్పుడు చూసుకుంటే నాది అన్నది ఏమన్నా ఉందో లేదో కనపడుతుంది అంది. అంత పొడుగు మాట అది మాట్లాడగా నేను వినలేదు. గొంతులో మాత్రం ఏమీ లేదు. టైరు ధర చెప్పినట్టు చెప్పింది.

నాతో బస్టాండులో పనిచేసిన ఒకావిడ కొడుకు కూడా బాబు లాంటివాడే. అలాంటి తల్లిదండ్రులు కొందరు కలిసి ఊరికి అవతలి పక్క ఒక ఇల్లు నడుపుతున్నారు. వెళ్ళి చూశాం. ఎత్తుగా లేని మంచాలు, వెలుతురు, వెనక కూరగాయల మడి. కొన్నాళ్ళు ఉంచి చూడండి, మొదట్లో ఇంటివాళ్ళు రాకపోతేనే మంచిది, మీరు కనపడితే వాళ్ళు ఇక్కడ కుదురుకోరు అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అక్క కర్ర నేలకేసి కొట్టింది. ఇందుకేనా నిన్ను కన్నది అని అరిచింది. అరిచాక తనే ఉలిక్కిపడింది, మాట ఎక్కడ తగిలిందో తెలిసినట్టుంది. స్టెప్నీ మొహంలో ఏ మార్పూ లేదు. బాబు చొక్కాలు మడతపెడుతూనే ఉంది. నీ చెయ్యి తప్ప వాడు ముద్ద మింగడు, చంపుకోవడానికి తీసుకుపోతున్నావు అని అక్క మంచమెక్కి గోడకేసి తిరిగింది.

వాణ్ణి దింపి వచ్చాక స్టెప్నీ రోజూ ఫోను చేసేది. మొదటి రోజు ఏమీ తినలేదన్నారు. రెండో రోజు పాలు తాగాడన్నారు. ఆ రెండు రోజులూ ఇది కూడా ఏమీ తినలేదు. వెళ్ళి తీసుకొచ్చేస్తానని బయల్దేరబోతుంటే నేనే ఆపాను. మూడో రోజు ఫోను చేస్తే తింటున్నాడన్నారు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా తింటున్నాడు, పడుకుంటున్నాడు, బాగున్నాడు. ఏదో మాకు ధైర్యం చెప్పడానికి అంటున్నారనుకున్నాం. చూడ్డానికి రావచ్చని వాళ్ళు పిలిచాక నేనూ అదీ కలిసి వెళ్ళాం. అక్క రానంది.

బాబు గదిలో లేడు. వెనక పక్క బట్టలుతికే చోట ఉన్నాడని చెబితే అటు వెళ్ళాం. గోడ పక్కన పెద్ద వాషింగ్ మిషను, ముందు గుండ్రటి గాజు తలుపు. లోపల దుప్పట్లు గిరగిరా తిరుగుతున్నాయి. దాని ముందు స్టూలు మీద బాబు. పక్కన ఒక ఆయా కూర్చుని, ఎవరితోనో కూరగాయల గురించి మాట్లాడుతూ, వాడి వైపు చూడకుండానే ముద్దలు పెడుతోంది. వాడు ఒక్కొక్కటీ నోరు తెరిచి తీసుకుంటున్నాడు. నిమ్మళంగా, మొహం నిండా సంతోషంతో.

మమ్మల్ని చూసి ఆయా లేచింది. మొదట్లో పెదవి విప్పలేదమ్మా, ఉతికే పని ఉంటే ఒంటరిగా వదల్లేక ఇక్కడ కూర్చోబెట్టుకున్నాను, మిషను తిరగడం మొదలవగానే నోరు తెరిచాడు అని చెప్పింది. ఇప్పుడు ఎవరు పెట్టినా తింటాడట. మిషను తిరగకపోతే ఫ్యాను కింద కూర్చోబెడతారట.

ఇన్నేళ్ళూ మేం చెయ్యి అనుకున్నది చక్రం. షాపులో ఇది ముద్ద పెడుతున్నంతసేపూ పక్కన చక్రం తిరుగుతూనే ఉండేది. జ్వరమొచ్చిన రోజు ఇంట్లో అక్క ఎంత బతిమాలినా వాడు తినకపోవడానికి ఫ్యాను కూడా ఆపేసి ఉండి, అక్కడ తిరిగేది ఏమీ లేకపోవడమే కారణం. వాణ్ణి ఒక్క పూట ఇంకొకరి దగ్గర వదిలి ఉంటే ఈ సంగతి ఎప్పుడో తెలిసేది. వదలకుండా ఉండడానికే కదా దీన్ని కన్నది.

బాబు తిరిగి చూసి నవ్వాడు. చెల్లెలికి నవ్విన నవ్వే నాకూ నవ్వాడు, తలుపు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్‌కీ నవ్వాడు. మళ్ళీ గాజు వైపు తిరిగిపోయాడు. స్టెప్నీ ఆయాని ఒకటే అడిగింది, నన్ను అడిగాడా అని. ఆయా మంచిది, అబద్ధం చెప్పాలని చూసింది, చేతకాలేదు. అన్నం కాస్త చల్లార్చి పెట్టండి, నాలుక తొందరగా కాలుతుంది అని చెప్పి స్టెప్నీ బయటికి నడిచింది.

బస్సులో నాకు ఏడుపు ఆగలేదు. సంతోషపడాల్సిన రోజు, వాడు బాగున్నాడు, ఇక ఎవరూ లేకపోయినా బతికేస్తాడు. అదే నాకు మింగుడు పడలేదు. ఒక మనిషిని ఒక పని కోసం తెచ్చాం, ఆ పనికి మనిషే అక్కర్లేదు. స్టెప్నీ కిటికీ పక్కన కూర్చుని నా చేతి సంచీ పడిపోకుండా పట్టుకుంది. ఏమనిపిస్తోందే అని అడిగాను. కాలు తిమ్మిరెక్కితే అది మనదే అయినా మనది కాదన్నట్టు ఉంటుంది కదా పిన్నీ, అలా ఉంది, ఒళ్ళంతా అంది.

ఇంటికి వచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. తింటున్నాడా అంది. తింటున్నాడు, ఎవరు పెట్టినా తింటున్నాడు అంది కూతురు. అక్క మొహం వెలిగింది, వెంటనే వాడిపోయింది. అది చూసి కూడా స్టెప్నీ ఆగలేదు. కర్ర పక్కన నేల మీద కూర్చుని అడిగింది.

"అన్నయ్య బాగా పుట్టి ఉంటే నన్ను కనేవాళ్ళా అమ్మా?"

నేను అక్క మొహం కేసి చూశాను. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి ఏదో ఒకటి చెప్పేయవే అని మనసులో మొత్తుకున్నాను. మా అక్కకి అబద్ధం రాదు. కూతురి తల మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా. ఒక్కడు చాలనుకున్నాం."

స్టెప్నీ సరే అంది. లేచి షాపుకి పోయింది.

తర్వాత అల్లుడు చాలా వారాలు ఆగాడు. ఓపిక గలవాడు. బాబు అక్కడ స్థిరపడ్డాడు, అక్క కూడా వెళ్ళి చూసి వచ్చి గొణగడం మానేసింది. ఒక మధ్యాహ్నం బేరాలు లేక నేను షాపులో కూర్చుని కబుర్లు చెబుతుంటే అతను వచ్చాడు. నేను లేవబోయాను, మీరూ ఉండండి అన్నాడు. ఇప్పుడు వెనక ఏ పనీ లేదు, ఎవరి కోసమూ కాదు, మన కోసం ఒకరు ఉంటే బాగుంటుందేమో ఆలోచించావా అని పెళ్ళాన్ని అడిగాడు. ఎంత సున్నితంగా అడిగాడంటే, నాకే అవునని చెప్పేయాలనిపించింది.

స్టెప్నీ చేతిలో టైరు పక్కన పెట్టింది. ఈసారి నీళ్ళు నమల్లేదు. అది పుట్టినప్పటి నుంచీ తన గురించి దాని నోట విన్న సూటి జవాబు అదొక్కటే, అది వినడం కోసమా ఇన్నేళ్ళు సతాయించాను అనిపించింది.

"రోజూ నాలో వెతుకుతున్నానండీ. కావాలనీ లేదు, వద్దనీ లేదు. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని చోటికి ఒక మనిషిని ఎలా పిలుస్తాం?"

నాకు కావాలని ఉందిగా, నాది సరిపోదా అన్నాడతను.

"సరిపోతుందేమో. కానీ ఎప్పుడో ఒకరోజు ఆ బిడ్డ నన్నడుగుతుంది, నన్నెందుకు కన్నావమ్మా అని. మా అమ్మ దగ్గర జవాబుంది. నా దగ్గర అది కూడా లేదు."

 అయితే వద్దులే అన్నాడతను. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. మొహం తిప్పుకోవాలని కూడా తోచలేదు అతనికి, అలాగే నిలబడి ఏడ్చాడు. 

స్టెప్నీ పనిగుడ్డ పక్కన పడేసి, లోపలికి వెళ్ళి, ఉతికిన తువ్వాలు తెచ్చింది. మొగుడికి ఎదురుగా నిలబడి, గడ్డం కింద ఎడమ చెయ్యి పెట్టి, తువ్వాలుతో మూతి తుడిచింది. పెదవికి ఈ మూల, ఆ మూల, తర్వాత గడ్డం. బాబుకి అన్నం పెట్టడం అయ్యాక అలాగే తుడిచేది. కళ్ళు తుడవాలని దానికి తెలియలేదు. అతను కదలకుండా తుడిపించుకున్నాడు.